కాలువగట్టున సైకిలుయాత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



దేశాటనము జ్ఞానదాయకమని పెద్దలు చెప్పుదురు. కాని దేశమును చూడగోరువాడు ఎంత వేగముగ పోవలెనను విషయము ఎవ్వరును అంతగా ఆలోచింపరు. విమానమున పోవువాడు మబ్బులను చూచును. రైలులో పోవువాడు స్టేషనుల పేర్లు చదువుకొనును. కాలినడకను పోవువాడు అన్నియు చూచును గాని, సెలవుదినములు ముగియునాటికి పొరుగు తాలూకా దాటలేడు. ఈ మూడింటి నడుమ సైకిలు కలదు. అది తొక్కువాని బలముననే నడచును. ఎచ్చట ఆపవలెనన్న అచ్చట ఆగును. దారిన పోవువారి పలకరింపునకు బదులు చెప్పనిచ్చును.

ఫ్రాన్సు దేశమున ఏటేట వేలకొలది జనులు సైకిలు వెనుక ఇరువైపుల సంచులు కట్టుకొని, పల్లెసీమలలో కాలువగట్ల వెంట వారము పదిదినములు సాగిపోవుచుందురు. వారిలో పండువంటి వృద్ధులును కలరు, పసిబిడ్డలను వెనుక బండిలో కూర్చుండబెట్టుకొన్న తలిదండ్రులును కలరు. సముద్రతీరములును, మంచుకొండలును, రాజప్రాసాదములును గల దేశమున వారు కాలువగట్టునే ఏల కోరుకొందురు? ఈ ప్రశ్నకు సమాధానము ఆ గట్టు వెంటనే దొరకును.

ముందుగా సెలవుల సంగతి చెప్పుకొనవలెను. ఫ్రాన్సులో సైకిలుపై దేశాటనము చేయుటను ఒక ఉద్యమముగ నడపినవారిలో పాల్ ద వివీ అనునతడు ముఖ్యుడు. సెంతెతియెన్ పట్టణవాసియైన ఈయన 1887లో సైకిలు విషయములకై ఒక పత్రికను స్థాపించి, "వెలోసియో" అను మారుపేరుతో వ్రాసి, 1930లో మరణించువరకు ఈ ప్రచారము మానలేదు. అలసట రాకమునుపే విశ్రమింపవలెననియు, ఆకలి కాకమునుపే తినవలెననియు, డాంబికమునకై ఎన్నడును తొక్కరాదనియు ఆయన బోధ. కాని ఆ దినములలో సామాన్యునకు సైకిలున్నను సెలవు లేకుండెను. 1936 జూనులో వచ్చిన చట్టము ఫ్రాన్సులోని కూలివారికిని, ఉద్యోగులకును రెండు వారముల సెలవును జీతముతో కూడ ఇచ్చెను. ఆ వేసవిలో ఎందరో శ్రామికులు జీవితమున మొదటి సారి, సైకిళ్లపైనను, ఇద్దరు కలిసి తొక్కు జంటసైకిళ్లపైనను ఊరు దాటి పోయిరి. విహారము ధనికుల సొత్తు కాకుండపోయిన సంవత్సరమది.

ఇక కాలువగట్టు మహిమ. గోదావరి, కృష్ణా డెల్టాలలో పెరిగినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. నీరు పల్లమునకు పారును గనుక కాలువ త్రవ్వువారు నేలను చదునుచేసి గాని త్రవ్వరు. పూర్వము పడవలను గుఱ్ఱములు గట్టుమీదనుండి తాడుతో లాగుచుండెను. ఆ గుఱ్ఱముల బాటయే నేటి సైకిలు బాట. ఎత్తుపల్లములు లేవు, మోటారు బండ్ల రొద లేదు, దారి తప్పు భయము లేదు. లాకులున్న చోట మాత్రము బాట కొంచెము ఎక్కును లేక దిగును. బలహీనుడును, బలవంతుడును ప్రక్కప్రక్కనే పోగల దారి అది.

ఇట్టి కాలువలలో ప్రసిద్ధమైనది మిదీ కాలువ. మిదీ అనగా ఫ్రెంచి భాషలో దక్షిణదేశము. ఇది టూలూజ్ నగరమున బయలుదేరి, 240 కిలోమీటర్లు ప్రవహించి, మధ్యధరా సముద్రతీరమున సేత్ రేవు చెంతగల ఉప్పునీటి సరస్సును చేరును. టూలూజ్ నుండి పడమటి దెసకు గారోన్ నది కలదు. అది అట్లాంటిక్ మహాసముద్రమును చేరును. ఆ విధముగ ఈ కాలువ రెండు సముద్రములను కలిపినది. అంతకుమునుపు ఫ్రెంచివారి సరకు ఒక తీరమునుండి మరియొక తీరమునకు చేరవలెనన్న స్పెయిను దేశమును చుట్టి, జిబ్రాల్టరు జలసంధి మీదుగ, ఓడదొంగల భయముతో సుమారు 3,000 కిలోమీటర్లు పోవలసియుండెను.

యాత్రికుడు ఉదయముననే టూలూజ్ విడుచును. సుమారు 50 కిలోమీటర్ల వరకు బాట నున్నగ వేయబడియున్నది. ఇరువైపుల గోధుమ చేలును, ప్రొద్దుతిరుగుడు చేలును. ఈ ప్రాంతమున తూర్పుదక్షిణమునుండి వీచు ఓతాన్ అను గాలి యున్నది. అది ఎదురైన దినమున చదునైన బాటయు కొండయెక్కినట్లే యుండును. ఎదురుగాలిలో ఒకరి వెనుక నొకరు దగ్గరగ పోవుచు, ముందున్నవాడు అలసినప్పుడు వెనుకవాడు ముందునకు వచ్చుట సైకిలువారి ధర్మము.

మొదటి దినము ముగియులోపల నొరూజ్ అను చోటు వచ్చును. చూచుటకు అచ్చట పెద్ద చెట్ల తోపును, కొన్ని రాళ్లును, ఒక చిన్న కాలువయు తప్ప మరేమియు లేదు. కాని ఈ మహాకార్యమునకు కీలకమచ్చటనే యున్నది. సముద్రమట్టమునకు 189 మీటర్ల ఎత్తున నున్న ఈ చోటు కాలువ మొత్తమునకు శిఖరము. ఇచ్చటి నీరు ఒక వైపున అట్లాంటిక్‌కును, మరియొక వైపున మధ్యధరా సముద్రమునకును పారును. లాకు తలుపు తెరచినప్పుడెల్ల నీరు పల్లమునకు పోవుచునే యుండును. మరి శిఖరమునకు నీరెక్కడిది? రెండు సముద్రములను కలుపవలెనని వెనుకటి రాజులందరును కలలు గనిరి. వారందరును ఈ ప్రశ్న కడనే ఆగిపోయిరి.

దీనికి సమాధానము చెప్పినవాడు ఇంజనీరు కాడు. బెజియే పట్టణమున జన్మించిన పియేర్ పాల్ రికె, ఉప్పుపన్ను వసూలుచేయు గుత్తదారు. పన్ను వసూలునకై ఆ సీమయంతయు తిరిగి, ప్రతి వాగును, ప్రతి మెరకను ఎరిగినవాడు. ఉత్తరముననున్న నల్లకొండలలో పుట్టు సెలయేళ్లను పట్టి, ఒక మిట్టకాలువ గుండ నొరూజ్‌కు తెచ్చిన చాలునని ఆయన గ్రహించెను. ఈ విషయమున రెవెల్ అను చిన్న పట్టణపు నీటికాలువలను చూచుచుండిన పియేర్ కంపమాస్ ఆయనకు తోడ్పడెను. రాజధానిలోని పండితులకు దొరకని ఉపాయము పల్లెనీటి పోకడ నెరిగినవానికి దొరకినది. 1662లో రికె ఈ ఆలోచనను మంత్రియైన కోల్బేర్‌కు వ్రాసి పంపెను. 1666లో పదునాలుగవ లూయీ రాజు శాసనము వెలువడెను. కొండలలో సెన్-ఫెర్రెయోల్ వద్ద గొప్ప ఆనకట్ట కట్టి జలాశయమును నిర్మించిరి. అందు 60 లక్షల ఘనమీటర్లకు మించిన నీరు నిలుచును. నేటికిని కాలువ ఆ నీటితోనే బ్రతుకుచున్నది.

పని ముమ్మరముగ సాగిన కాలమున సుమారు 12,000 మంది కూలివారు పనిచేసిరి. వారిలో స్త్రీలు పెక్కురు. పిరెనీ కొండపల్లెల నుండి వచ్చిన స్త్రీలకు తమ పొలములకు నీరు మళ్లించుకొను నేర్పు తరతరములుగ అబ్బియుండెను. ఆ నేర్పు ఈ కాలువకును ఉపకరించెను. కూలివారు పని విడిచి పోకుండుటకై రికె ఆనాటికి వినని యేర్పాటు చేసెను. నెలజీతము నిర్ణయించి, ఆదివారములకును, వానదినములకును, జబ్బుపడిన దినములకును కోత లేకుండ ఇచ్చెను. జీతముతో కూడిన సెలవు చట్టము వచ్చుటకు రెండువందల అరువది యేండ్లకు పైగా మునుపటి మాట ఇది.

రెండవ దినమున కాస్టెల్నోదారి వచ్చును. కాలువ ఇచ్చట చెరువువలె విశాలమగును. తెల్ల చిక్కుడు గింజలను మాంసముతో కలిపి, మట్టిపాత్రలో సన్నని సెగపై గంటలకొలది ఉడికించు కాసూలె అను వంటకమునకు ఈ ఊరు పేరుపొందినది. దానిని తిన్న వెంటనే సైకిలెక్కుట ఎవరి తరమును కాదు. ఫ్రెంచి పల్లెలలో మధ్యాహ్నమైన వెంటనే దుకాణములు మూసివేయుదురు. కావున రొట్టెయు, జున్నును, పండ్లును ఉదయముననే కొని సంచిలో వేసికొనవలెను. ఈ సంగతి మొదటి దినమున ఆకలితో నేర్చుకొన్నవాడు రెండవ దినమున మరువడు.

ఈ ఊరు దాటిన పిదప బాట మట్టిబాటయై, పెక్కు చోట్ల చెట్ల వేళ్లు పైకి తేలియుండును. పంపును, మారుట్యూబును లేనివాడు ఇచ్చట చిక్కుపడును. లాకులు ఒకదాని వెంట నొకటి వచ్చుచుండును. ప్రతి లాకు చెంత లాకుకాపరి ఇల్లు. ఇంటి గోడపై లాకు పేరును, ఎగువ లాకునకును, దిగువ లాకునకును గల దూరములును చెక్కిన పలక. ఈ లాకుల గోడలు తిన్నగ నుండక కోడిగ్రుడ్డు ఆకారమున వంగియుండును. ఇది అలంకారమునకు కాదు. మొదట తిన్నని గోడలు కట్టగా మన్ను ఒత్తిడికి ఒకటి కూలెను. అప్పుడు రికె వంతెన కమానును నేలమీద పండుకొనబెట్టినట్లు గోడలను వంచి కట్టించెను. మూడువందల యేండ్లు దాటినను అవి నిలిచియున్నవి. తప్పు జరిగిన చోటనే మేలైన ఉపాయము పుట్టినది.

కోటగోడలతో మిగుల ప్రసిద్ధమైన కార్కసోన్ నగరమున మరియొక పాఠము కలదు. కాలువను తమ ఊరి గుండ తీసికొనిపోవుటకు అగు ఖర్చులో భాగమును ఇచ్చుటకు ఆ నగరపు పెద్దలు ఆనాడు ఒప్పుకొనలేదు. కాలువ ఊరిని తప్పించుకొని పోయినది. సరకును, వర్తకమును, ప్రయాణికులును దూరమునుండియే పోవుట చూచి నగరవాసులు పశ్చాత్తాపపడిరి. తుదకు వారి సంతతివారు ప్రయాసపడి కాలువను మళ్లించుకొనునప్పటికి 1810వ సంవత్సరము వచ్చెను. చందా ఈయని యొక తరము తప్పును దిద్దుకొనుటకు పెక్కు తరములు పట్టినది.

కార్కసోన్ ప్రాంతముననే యాత్రికుని మనస్సును కలతపెట్టు దృశ్యమొకటి కనబడును. కాలువ గట్టులకు శోభయు, నీడయు నిచ్చినవి ప్లేన్ వృక్షములు. పందొమ్మిదవ శతాబ్దమున విస్తారముగ నాటబడిన ఇవి సుమారు 42,000 ఉండెను. ఇరువైపుల కొమ్మలు పైన కలిసి, నీటిమీద పందిరి వేసినట్లుండుటచే ఎండకాలమునను బాట చల్లగ నుండెడిది. వాని వేళ్లే గట్టును పట్టి నిలిపినవి. 2006లో కార్కసోన్ చెంత ఈ చెట్లకు ఒక బూజుతెగులు సోకినట్లు కనుగొనిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యముల వెంట వచ్చిన మందుగుండు పెట్టెల కొయ్యలో ఈ తెగులు ఫ్రాన్సునకు వచ్చినదని చెప్పుదురు. తెగులు సోకిన చెట్టు కొద్ది యేండ్లలోనే ఎండిపోవును. వేరునుండి వేరునకును, నీటిగుండను, చెట్లకు కట్టిన పడవ త్రాళ్లగుండను తెగులు వ్యాపించును. సోకిన చెట్టును బ్రతికించు మందు లేదు. దానిని కొట్టి, అచ్చటనే కాల్చవలెను. చుట్టునున్న చెట్లనుకూడ కొట్టవలెను. ఈ విధముగ సగమునకు మించిన చెట్లు ఇప్పటికే పోయినవి. నీడలో సాగుచుండిన యాత్రికుడు ఉన్నట్టుండి బట్టబయట ఎండలో పడును. గట్టున మోళ్లును, వాని నడుమ ఊతకఱ్ఱలకు కట్టిన లేతమొక్కలును కనబడును.

ఆ లేతమొక్కలను ఫ్రాన్సు జలమార్గ సంస్థవారు నాటుచున్నారు. ఈ సారి ఒకే జాతిని నాటుట లేదు. ఒక జాతి సింధూరవృక్షమును ప్రధానముగ పెట్టుకొని, నడుమ నడుమ వేరువేరు జాతులను కలుపుచున్నారు; ఒక తెగులు వచ్చిన అన్నియు ఒక్కసారి పోకుండుట కిది ఉపాయము. నేడు మొక్క నాటిన చేతులు దాని నిండు నీడను చూడబోవు. అయినను నాటుచున్నారు.

నాలుగవ దినమున ల సొమాయ్ అను చిన్న గ్రామము. పూర్వము టూలూజ్ నుండి ఆగ్డ్‌కు నాలుగు దినములలో పోవు తపాలా పడవ యుండెను. ప్రయాణికులు ఒక రాత్రి ఈ గ్రామపు సత్రమున బస చేయుచుండిరి. వంతెనయు, ప్రార్థనామందిరమును, సత్రమును నేటికిని కలవు. ఆ చెంతనే పాత పుస్తకముల పెద్ద దుకాణమొకటి యున్నది. వేలకొలది గ్రంథముల నడుమ, బరువు మోయుటకు జంకు సైకిలు యాత్రికులు ఒక పుస్తకము కొందుమా మానుదుమా యని తటపటాయించుట అచ్చట చూడదగిన వేడుక.

ఈ కాలువ వెంట సాగిన యాత్రికులలో థామస్ జెఫర్సన్ ఒకడు. పిమ్మట అమెరికా అధ్యక్షుడైన ఆయన ఫ్రాన్సులో ఆ దేశపు రాయబారిగ నుండి, 1787 మేనెలలో ఈ మార్గమున పోయెను. తన బండి చక్రములూడదీయించి, బండిని పడవపై పెట్టించి, తాను కొంతదూరము అందు కూర్చుండియు, కొంతదూరము గట్టున నడచియు పోయెను. సైకిలు ఇంకను పుట్టని కాలమున గట్టు రుచి ఎరిగినవాడాయన.

ఐదవ దినమున మల్పాస్ అను కొండ అడ్డుపడును. రాయి మెత్తనిది, కూలిపోవునది; ఇచ్చట పని సాగదని రికె విరోధులు సంతోషించిరట. 1679లో సుమారు 165 మీటర్ల సొరంగము త్రవ్వి కాలువను దాటించిరి. ఐరోపాలో పడవలు పోవుటకై త్రవ్విన మొదటి సొరంగమదియే. ఆ కొండక్రిందనే రైలు సొరంగమొకటి కలదు. దానికిని క్రిందుగ, పదమూడవ శతాబ్దమున మోంతాదీ చిత్తడినేలను ఎండబెట్టుటకై త్రవ్విన మురుగుకాలువ సొరంగము కలదు. కొండమీదికెక్కి చూచిన ఆ పాత చిత్తడినేల చక్రపు ఆకులవలె పొలములుగ పంచబడి కనబడును. ఒక కొండ కడుపులో మూడు యుగముల వారి శ్రమ ఒకదానిపై నొకటి నిలిచినది!

బెజియే పట్టణము చెంత ఫోన్సెరాన్ లాకులు. ఒకే వాలున మెట్లవలె కట్టిన ఎనిమిది లాకుగదులు పడవను ఇరువదియొక్క మీటర్లకు పైగా దింపును లేక ఎక్కించును. రికె ఈ ఊరివాడే గనుక తన ఊరి యెదుట తన నేర్పునంతయు చూపెనని జనులు చెప్పుకొందురు. ఆ పిమ్మట ఆగ్డ్ వద్ద మూడు తలుపులు గల గుండ్రని లాకును దాటి, యాత్రికుడు ఆరవ దినమున ఉప్పునీటి సరస్సును, దాని ఆవలనున్న సముద్రమును చూచును. సరస్సునకును, సముద్రమునకును నడుమనున్న ఇసుకతిన్నె మీదుగ బాట సేత్ రేవునకు పోవును.

ఆ సముద్రమును కాలువ చేరిన దినమును రికె చూడలేదు. ఆయన 1680 అక్టోబరు 1వ తేదీన మరణించెను. కాలువ 1681 మేనెలలో తెరువబడెను. ఖర్చులో సుమారు ఐదవ వంతు ఆయన సొంతముగ పెట్టెను. మరణించునాటికి అప్పులు నెత్తిమీద నుండెను. ఆయన సంతతివారు ఆ అప్పుల నుండి బయటపడి లాభము చూచునప్పటికి 1724 వచ్చెను.

అంతటితో కథ ముగియలేదు. 1857లో బోర్డో నుండి సేత్‌కు రైలుమార్గము పూర్తియయ్యెను. మరుసటి యేడు కాలువను నలువది యేండ్లకు ఆ రైలు కంపెనీకే కౌలునకిచ్చిరి. తనకు పోటీయైన దానిని ఏ వర్తకుడు పోషించును? 1898లో ప్రభుత్వము తిరిగి తీసికొనునాటికి కాలువ వర్తకము క్షీణించెను. ఇరువదవ శతాబ్దపు చివరి భాగమున సరకు పడవలు పూర్తిగ నిలిచిపోయెను. ఇక దీనితో పనియేమని ఎవరైన అడిగియుందురు. కాని పనిలేకపోయిన గుఱ్ఱపుబాట నడచువారికిని, సైకిలువారికిని బాటయైనది. గోధుమలు మోసిన నీటిపై విహారనౌకలు తిరుగుచున్నవి. 1996లో ఐక్యరాజ్య సమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చినది. ప్రతి చలికాలమునను కాలువను కట్టివేసి మరమ్మతులు చేయుదురు. తెలుగునాట వేసవిలో కాలువలు కట్టినప్పుడు జరుగునదియు ఇదియే గదా! కట్టుట ఒక తరము పని. కాపాడుట ప్రతి తరము పని.

ఫ్రెంచివారిని తెలుగువారు పరాసులని పిలిచిన కాలము కలదు. గోదావరి ఒడ్డున యానాము 1954 వరకు వారి పాలననుండెను. కాని కాలువ విషయమున తెలుగునేల ఎవరికిని తీసిపోదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా కాలువలు చేలకు నీరిచ్చుటయే గాక, ధాన్యమును, మనుష్యులను, పెండ్లివారిని మోసినవి. అచ్చటను లాకులు, అచ్చటను తాడుతో పడవలు లాగిన గట్లు, గన్నవరమున గోదావరి పాయ మీదుగ కాలువను దాటించిన అక్విడక్టు. రైలును, బస్సును వచ్చి ఆ పడవలను నిలిపివేసినవి. గట్లు మాత్రము నిలిచియున్నవి.

ఆ పడవలు మోసిన సరకులో పుస్తకములునుండెనని నేటి యువకులు మరువరాదు. 1935లో, అప్పటి గుంటూరు జిల్లాలోని కొల్లూరు, పెదపులివఱ్ఱు గ్రామముల నడుమ, పాతూరి నాగభూషణము గారి సేవాశ్రమమువారు కాలువపై పడవ గ్రంథాలయమును నడపిరి. ప్రయాణికులు ఊరు చేరులోపల పుస్తకము చదువుకొనిరి. గ్రంథాలయమును ఊరిలో కట్టినచో జనులు వత్తురాయని సందేహించువారికి, జనులున్న చోటికే గ్రంథాలయమును తీసికొనిపోయి ఆ పెద్దలు బదులు చెప్పిరి.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమును చూచినను ఇదియే తోచును. దీనిని స్థాపించిన కాలమున పుస్తకము దొరకుటయే కష్టము; నేడు చేతిలోని ఫోనులోనే చదువు దొరకుచున్నది. కావున దీనితో ఇక పనియేమని అడుగువారుందురు. రైలు వచ్చిన నాడు ఆ కాలువను గురించియు ఇట్లే అడిగియుందురు. కార్కసోన్ పెద్దలవలె చందాకు వెనుదీయక, నొరూజ్‌కు నీరు తెచ్చినవారివలె ఎగువనుండి క్రొత్తనీటిని తెచ్చుచు, ఎండిన చెట్టు చోట పలుజాతుల మొక్కలను నాటుచు పోయిన, తమ పిల్లలు దీనిని ఏ విధముగ వాడుకొందురో నేటివారు ముందుగ నిర్ణయింపనక్కరలేదు. గుఱ్ఱముల కొఱకు వేసిన బాటపై సైకిళ్లు పోవునని రికె ఎరుగడు. ఆయన బాటను గట్టిగ వేసెను, అది చాలినది.

స్వస్తి.